నాయనకు చెప్పిన సున్నపూరి కథ

మా నాయన రేడియో నాటకం వినేటప్పుడు కాళ్ళు మంచం మీద పెట్టుకోడు. రెండు పాదాలూ నేలకు ఆనించి, అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించి, కుడి చెవి కాస్త ముందుకు పెట్టి కూర్చుంటాడు. నాటకం అయ్యేదాకా ఆ తీరు మారదు. మధ్యలో కాఫీ ఇస్తే గ్లాసు పక్కన పెట్టించుకుంటాడు గానీ ముట్టడు. చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నాల్లో ఆయన్ను అలా చూసేదాన్ని. మళ్ళీ మొన్న వేసవిలో, తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో, నా కంప్యూటర్ బల్ల పక్కన అదే కూర్చోవడం చూశాను.

ఈసారి నాటకం ఆకాశవాణిది కాదు. అమెరికాది, ఇంగ్లీషులో. పోస్టాఫీసు ముద్రల మీద ఉండే నాలుగు మాటలు తప్ప నాయనకు ఇంగ్లీషు రాదు. పాకాల దగ్గర మా ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాడు. నీటికాసులతో చూపు కొంచెం కొంచెంగా తగ్గి, ఇప్పుడు కిటికీ ఎటు ఉందో మాత్రం తెలుస్తుంది. అమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశాడు. ఆయనకు రోజంతా తోడు చెవులే.

నాకూ బతుకు తెరువు చెవులే. పంతొమ్మిదేళ్ళుగా మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తున్నాను. అమెరికాలో డాక్టర్లు పేషెంట్‌ను చూశాక నోటితో చెప్పి రికార్డు చేసిన రిపోర్టులు ఇక్కడ రాత్రిపూట మాకు వస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని టైప్ చేస్తాం. కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. మధ్యలో నొక్కితే ఆడియో నడుస్తుంది, ఎడమ వైపు నొక్కితే వెనక్కి, కుడి వైపు ముందుకి. కాలు తీసి మళ్ళీ నొక్కితే ఒక్క క్షణం వెనక్కి వెళ్ళి మొదలవుతుంది, మాట తెగిపోకుండా. పంతొమ్మిదేళ్ళలో నా కుడి పాదానికి అలవాటైపోయి, టీవీ చూసేటప్పుడు కూడా వేళ్ళు కదులుతుంటాయి.

ఈ పనిలో మాకు మొదట నేర్పేది వైద్యం మాటలు కాదు, ఖాళీ వదలడం. ఎన్నిసార్లు విన్నా మాట అర్థం కాకపోతే ఊహించి రాయకూడదు. అక్కడ ఒక గీత గీసి, పక్కన అది ఎన్నో నిమిషం, ఎన్నో సెకనో రాసి, పైవాళ్ళకు పంపాలి. దాన్ని మేం బ్లాంక్ పెట్టడం అంటాం. చేరిన మొదటి ఏడాది నేనొక రిపోర్టులో ఊహించి రాశాను. డాక్టరు కారులోంచి ఫోన్‌లో చెప్పినట్టున్నాడు, వెనక రోడ్డు చప్పుడు. 'హైపోటెన్షన్' అన్నాడో 'హైపర్‌టెన్షన్' అన్నాడో తేలలేదు. పేషెంట్ వయసు చూసి బీపీ ఎక్కువే ఉంటుందిలే అనుకుని 'హైపర్' కొట్టేశాను. అది 'హైపో'. నా పైన చూసే మేడం పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆవిడ తిట్టలేదు, ఆ రెండు సెకన్ల ఆడియో నాచేత ఇరవైసార్లు వినిపించింది. ఆ తర్వాత ఈ రోజు వరకు వినపడని మాటను నేను పూడ్చలేదు.

ఇప్పుడు మా పని మారింది. మెషిన్ ముందే విని డ్రాఫ్ట్ ఇస్తుంది, మేం దిద్దుతాం. నాకు మెషిన్ మీద కోపం లేదు, చాలా బాగా వింటుంది. కానీ దానికి ఖాళీ వదలడం సరిగ్గా రాదు. వినపడని చోట కూడా ఏదో ఒక మాట నిండుగా, ధైర్యంగా పెట్టేస్తుంది. అందుకే దిద్దేటప్పుడు తప్పు కనపడే చోట కంటే, అంతా సవ్యంగా ఉన్న వాక్యం దగ్గరే నాకు టెన్షన్ ఎక్కువ.

ఇంత సొద ఎందుకంటే, 'లైమ్‌టౌన్' అనే ఆ అమెరికా నాటకం నన్ను అలా పట్టుకోవడానికి కారణం ఇదే.

నాతో పనిచేసే ఒకమ్మాయి చెప్పింది, "అక్కా, ఇది విను, అచ్చం మన ఫైళ్ళలాగే ఉంటుంది" అని. 2015లో వచ్చిన పాడ్‌కాస్ట్ సిరీస్ అది, అంటే ఇంటర్నెట్‌లో వినే రేడియో కార్యక్రమం లాంటిది; మొదటి సీజన్ ఆరు భాగాలు. టెనెసీ రాష్ట్రంలో లైమ్‌టౌన్ అనే చిన్న ఊరు. మెదడు మీద పరిశోధన కోసం కట్టిన ఊరు, చుట్టూ కాపలా. ఒక రోజు లోపలి నుంచి ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ వస్తుంది. పోలీసులు వెళితే గేటు దగ్గర ప్రైవేటు కాపలావాళ్ళు లోపలికి వెళ్ళనివ్వరు. మూడు రోజుల తర్వాత గేటు తెరుచుకుంటే లోపల మనుషులు లేరు. 300 మందికి పైగా ఆడా మగా పిల్లా జెల్లా మాయం. పదేళ్ళ తర్వాత లియా హాడక్ అనే రేడియో రిపోర్టరు ఆ ఊరి గురించి ఆరా తీయడం మొదలుపెడుతుంది. మాయమైన వాళ్ళలో ఆమె బంధువు ఒకాయన కూడా ఉన్నాడు.

ఊరూ కల్పితమే, రిపోర్టరూ కల్పితమే. కానీ తీసిన పద్ధతి మాత్రం నిజమైన రేడియో రిపోర్టింగ్‌ది. మామూలు నాటకంలో లాగా పాత్రలు ఒకరితో ఒకరు స్పష్టంగా, గొంతు ఎత్తి మాట్లాడుకోరు. ఫోన్ సంభాషణలు, ఇంటర్వ్యూలు, పాత టేపులు. రాత్రి మూడు గంటలప్పుడు ఫైళ్ళ మధ్య ఖాళీలో మొదటి భాగం పెట్టుకున్నాను. ఫోన్‌లో వచ్చిన గొంతు వినగానే నా పాదం అసంకల్పితంగా పెడల్ కోసం వెతికింది.

ఫోన్ గొంతు గురించి కొంచెం చెప్పాలి. పాత పద్ధతి టెలిఫోన్ లైన్ మనిషి గొంతులో దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపుతుంది. పైన ఉండే సన్నటి ధ్వనులన్నీ తెగిపోతాయి. 'స'కూ 'ఫ'కూ తేడా చెప్పేవి ఆ సన్నటి ధ్వనులే. అందుకే ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు 'ఎస్ ఫర్ సీత' అంటాం. చెవికి అందని ఆ కాస్త ధ్వనిని మన బుర్ర తనకు తోచింది పెట్టి నింపేస్తుంది, మనకు తెలియకుండానే. ఈ సిరీస్ తీసినవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. భయపెట్టే మాట ఎప్పుడూ శుభ్రమైన గొంతులో చెప్పించరు. సన్నటి లైన్‌లో, సగం తెగిన మాటగా వినిపిస్తారు. మిగతా సగం మనం నింపుకుంటాం, మనకు అన్నిటికంటే భయమైన దానితో. కుట్ర కథ సినిమాలో కంటే చెవిలో బాగా పండుతుందని నాకు అనిపించింది అందుకే. సినిమాలో తలుపు మూసి ఉంటే మూసి ఉన్నట్టు కనిపిస్తుంది. ఇక్కడ తలుపు ఉందో లేదో కూడా మనమే తేల్చుకోవాలి.

ఆ రాత్రి మొదటి భాగం అయ్యాక మేడ మీదికి వెళ్ళి నిలబడ్డాను. ఎదురుగా తిరుమల కొండ, ఘాట్ రోడ్డు లైట్లు వంకరగా గీసినట్టు. ఇన్ని వేల మంది రాత్రీ పగలూ వచ్చిపోయే ఊళ్ళో నిలబడి, మనుషులు లేని ఊరిని తలచుకోవడం ఒంటికి చలి పుట్టించింది. దిగి వచ్చేసరికి నాయన లేచి కూర్చుని ఉన్నాడు. తెల్లారడానికి ఇంకా టైముంది. "ఏంది పాపా, ఎవరితో మాట్లాడతా ఉండావు పైన?" అన్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. మెట్ల మీద నా అడుగులు మామూలుగా లేవట.

ఆ శనివారం ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. ఆడియోను నా పని సాఫ్ట్‌వేర్‌లో వేసి, హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్ పెట్టాను. పెడల్ నొక్కి ఒక వాక్యమో రెండో నడిపించడం, కాలు తీసి తెలుగులో చెప్పడం, మళ్ళీ నొక్కడం. మొదటి భాగానికి రెండు గంటలు పైనే పట్టింది. నాయన ఇంగ్లీషు భాగాన్ని కూడా పూర్తిగా వినేవాడు. మాట రాకపోయినా గొంతు వినేవాడు.

చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, ఎన్ని చోట్ల నిర్ణయాలు చేయాలో. ముందు ఊరి పేరే. "లైమ్ అంటే ఏంది?" అన్నాడు. నిమ్మకాయనూ అంటారు, సున్నాన్నీ అంటారు అన్నాను. కాసేపు ఆలోచించి "సున్నపూరు అందాం" అన్నాడు. నిమ్మతోటలున్న ఊరైతే వేలంపాటకైనా జనం వస్తారు, సున్నపూరైతే గోడలే మిగులుతాయి అని ఆయన లెక్క. ఇక మా ఇంట్లో ఆ పేరే ఖాయమైంది.

తర్వాత ఆ మాయమైన బంధువు. ఇంగ్లీషులో 'అంకుల్' అంటే సరిపోతుంది. తెలుగు ఊరుకోదు కదా. చిన్నాయనా, పెదనాయనా, మేనమామా? ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే కాబట్టి నాన్న వైపు మనిషి అన్నంత వరకు చెప్పగలిగాను. పెద్దవాడో చిన్నవాడో ఆ మాటలో ఉండదు. "వాళ్ళ నాయనకు తోడబుట్టినోడు" అని చెప్పి ఆపేశాను. నాయనకు అది నచ్చలేదు. "చిన్నాయనే అయ్యుంటాడు. పెదనాయన కోసం ఎవరైనా ఇంతగా దేవులాడతారా?" అన్నాడు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి "ఆ పాప వాళ్ళ చిన్నాయన" అనే అంటున్నాడు.

కానీ ఆయన వేసిన అసలు ప్రశ్న వేరే. గేటు దగ్గర మూడు రోజులు ఎవర్నీ పోనివ్వలేదు అని చెప్పగానే చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఆ మూడు రోజుల టపా ఏమైంది?"

నాకు అర్థం కాలేదు.

"మూడు నూర్ల మంది అంటే రోజుకో సంచి టపా వచ్చే ఊరు పాపా. మొదట తెలిసేది పోలీసోళ్ళకు కాదు, టపా ఇచ్చేవాడికి. ఒకిల్లు తాళమేసుంటే రాసుకుంటాడు. పది ఇళ్ళు తాళమేసుంటే ఆ రోజే పైకి చెప్తాడు. ఆ మనిషిని ఎవరూ అడగలేదా?"

మన దగ్గరైతే మనిషి దొరకని ఉత్తరాన్ని ఏడు రోజులు ఉంచుకుని, పంపినవాళ్ళకు వెనక్కి పంపేస్తారు. వాళ్ళ అడ్రసు కూడా లేకపోతే ఆర్ఎల్ఓ, అంటే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు పోతుంది. దాన్ని పూర్వం డెడ్ లెటర్ ఆఫీసు అనేవాళ్ళు. అక్కడ మాత్రమే ఉత్తరం విప్పి చూడటానికి అనుమతి. నాయన ఇదంతా చెబుతుంటే నాకు ఆ కథ కొత్తగా కనపడింది. 300 మందికి వచ్చిన ఉత్తరాలు గుట్టగా ఒక గదిలో, ఎవరూ విప్పకుండా. మొదటి భాగం నేను రెండుసార్లు విన్నాను, ఒక్కసారి కూడా ఈ ఆలోచన రాలేదు. నేను వింటున్నది ఏం చెప్పారో. ఆయన వింటున్నది ఎవర్ని అడగలేదో.

"ఇదంతా నిజంగా జరిగిందా?" అని మూడుసార్లు అడిగాడు. కాదని చెప్పాక, మరి వార్తల్లాగా ఎందుకు చేశారు, జనం నమ్మరా అన్నాడు. అప్పుడు 1938 సంగతి చెప్పాను. అక్టోబర్ 30, ఆదివారం రాత్రి, అమెరికాలో సీబీఎస్ రేడియోలో ఆర్సన్ వెల్స్ బృందం అంగారక గ్రహం వాళ్ళు దిగినట్టుగా ఒక నాటకం వేసింది. డాన్స్ సంగీతం వస్తుండగా మధ్యలో ఆపి వార్తాప్రకటనలు చదివినట్టుగా నడిపారు. ఒక చోట రిపోర్టరు మాట్లాడుతుండగానే లైను తెగిపోయి, కొన్ని సెకన్ల పాటు రేడియోలో ఏమీ రాదు. రేడియోలో నిశ్శబ్దం అంటే అంతకంటే భయం లేదు. మర్నాడు పేపర్లు దేశమంతా జనం రోడ్ల మీదికి పరిగెత్తారని రాశాయి. నిజంగా భయపడ్డవాళ్ళు ఉన్నారు, కానీ పేపర్లు రాసినంత లేదు. ఆ రాత్రి రేడియో ఏం వింటున్నారని ఫోన్ చేసి అడిగిన సర్వేలో ఈ నాటకం వింటున్నామన్నవాళ్ళు నూటికి ఇద్దరే.

"అయితే పుకారు రేడియోవాళ్ళది కాదు, పేపర్లోళ్ళది" అన్నాడు నాయన. ఆ మాట చెప్పడంలో ఆయన గొంతులో ఎంత సంతోషమో. రేడియోను ఎవరైనా ఒక మాట అంటే ఆయనకు పడదు.

పడకపోవడానికి కారణం ఉంది. మా ఊళ్ళో మొదటి మూడు రేడియోల్లో ఒకటి మాది. కడప కేంద్రం 1963లో వచ్చింది, అంతకుముందు మాకు మద్రాసే దగ్గర. సాయంత్రాలు మద్రాసు తెలుగు కార్యక్రమాలు వినేవాళ్ళమని నాయన ఇప్పటికీ చెబుతాడు. అప్పట్లో రేడియోకు లైసెన్సు ఉండేది, డబ్బు కట్టాల్సింది పోస్టాఫీసులోనే. ఆదివారం నాటకానికి మా అరుగు నిండిపోయేది. శారదా శ్రీనివాసన్ గారి గొంతు వస్తే మా జేజి వక్కాకు నమలడం ఆపేసేది, చప్పుడవుతుందని. ఆమె నవ్వితే ఏ వయసు మనిషి నవ్విందో తెలిసిపోయేది. చెవి ఇంత చేయగలదని నేను మొదట నేర్చుకుంది అక్కడే, హైదరాబాద్ ట్రైనింగ్‌లో కాదు.

ఇలా మొత్తం ఆరు భాగాలూ ఏడు వారాల్లో విన్నాం. ఒక శనివారం కరెంటు పోయి వాయిదా పడింది. కథ ఎటు పోతుందో చెప్పను, ఎవరైనా వినాలనుకుంటే పాడుచేయడం నాకిష్టం లేదు. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. మొదటి రెండు భాగాలు గొప్పవి. తర్వాత వివరణలు పెరిగే కొద్దీ పట్టు కొంచెం సడలింది. ఆ ఊళ్ళో ఏం చేశారో తెలిశాక కంటే, తెలియనప్పుడే ఆ ఊరు పెద్దదిగా ఉంది. నాయన దీనికి ఒప్పుకోడు. కథ మొదలుపెట్టినోడు చెప్పాల్సిందే అంటాడు.

రెండో భాగం వినిన సాయంత్రం గురించి చెప్పాలని ఇంతసేపూ అనుకుంటున్నాను.

ఆ భాగంలో ఊరి నుంచి బతికి బయటపడ్డ ఒకామె నోరు విప్పుతుంది. ఇంటర్వ్యూ అంతా దాదాపు ఆమె గొంతే. ఒక చోట ఆమె చెప్పబోయి ఆగుతుంది. నేను కాలు తీశాను, చెప్పడానికి. నాయన వద్దని చెయ్యి ఊపాడు. చాలాసేపు ఏమీ అనలేదు. రైలు కూత వినిపించింది, అది పోయాక చెప్పాడు.

ఆయన ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. చదువు రాని వాళ్ళకు ఉత్తరం చదివి పెట్టడం కూడా ఆయన పనే. ఒక అవ్వకు బొంబాయి నుంచి కొడుకు ఉత్తరం వచ్చింది. నాయన అరుగు మీద కూర్చుని చదివాడు. మధ్యలో ఒక లైను చదవకుండా దాటేశాడు. అవ్వ మళ్ళీ చదవమంది. మళ్ళీ అదే లైను దాటేశాడు. మూడోసారి కూడా. "ఇంకేమన్నా రాసినాడా నాయనా?" అని అడిగింది. "లేదవ్వా" అన్నాడు. ఆమె ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి వక్కాకు సంచిలో దోపుకుని వెళ్ళిపోయింది.

"ఆ తర్వాత ఒక్క ఉత్తరం కూడా నాచేత చదివించుకోలేదు. తీసుకునేది, అయ్యవారి ఇంటికి పోయేది. నేనెవరికీ చెప్పలేదు, ఆయమ్మ నన్నేమీ అడగలేదు. కానీ ఆయమ్మకు తెలిసిపోయింది. ఆ లైను దగ్గర నా గొంతు ఆగుంటాది. మూడుసార్లూ ఒకే చోట ఆగుంటాది."

అందుకే మూడుసార్లు చదివించుకుంది. నేను ఒక సెకను ఆడియోను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి వినే పనే, అక్షరం ముక్క రాని ఆ అవ్వ యాభై ఏళ్ళ కిందట మా అరుగు మీద చేసింది.

"ఏం రాసుండె ఆ లైన్లో?" అని అడిగాను.

"అది ఆయమ్మ ఉత్తరం పాపా" అన్నాడు.

నేను మళ్ళీ అడగలేదు. పెడల్ నొక్కాను. ఆడియో ఒక్క క్షణం వెనక్కి వెళ్ళి, ఆ బతికి బయటపడ్డామె ఊపిరి దగ్గర మొదలైంది. కాసేపు ఆమె మాట్లాడుతూనే ఉంది, నేను తెలుగులో చెప్పడం మర్చిపోయి వింటూనే ఉన్నాను. నాయన రెండు పాదాలూ నేలకు ఆనించి అలాగే కూర్చున్నాడు. చెప్పమని అడగలేదు.